పొంగలేదా, పొంగి కూలిందా? తిరుపతిలో ఒక ఇంటి బేకరీ ఈస్ట్ కేసు

ఫిర్యాదు

తిరుచానూరు రోడ్డు వైపు ఒక అద్దింట్లో నడిచే చిన్న బేకరీ ఇది. బేకరీ అంటే వంటింటి గట్టు మీద రెండు టిన్నులు పట్టే ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్), ఒక ఫ్రిజ్, ఒక తూకం, పిసకడానికి రెండు చేతులు. వారానికి నాలుగు రోజులు, రోజుకు మూడు విడతల్లో ఆరు బ్రెడ్లు చేస్తారు. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాళ్లు ముందురోజే చెప్పి తీసుకుంటారు. సంక్రాంతి దాటాక ఆర్డర్లు పెరిగాయి. అంతకు ముందు వారానికి రెండు మూడు విడతలకు మించి లేవు.

"బ్రెడ్డు పొంగడం లేదు" అన్నది ఫిర్యాదు. డిసెంబరులో మొదలైంది, కొన్నాళ్లకు సర్దుకుంది, ఏప్రిల్ చివర మళ్లీ వచ్చింది. మే రెండో వారానికి ఆరింటిలో నాలుగు అమ్మకానికి పనికిరాలేదు. ప్రతిసారీ చేసిన వైద్యం ఒకటే: ఈస్ట్ పెంచడం. 7 గ్రాములు 9 అయింది, 9 కాస్తా 12 అయింది. సామాను కొట్టు వాళ్లూ అదే చెప్పారు: "ఈస్ట్ చచ్చినట్టుందక్కా, ఇంకొంచెం ఎక్కువ వెయ్యి."

డిసెంబరులో ఆ సలహా సరైనదే. మే నెలలో అదే సలహా బ్రెడ్డును ముంచింది. పొట్టిగా బయటికొచ్చిన బ్రెడ్డును చూసి ఇంట్లో అందరూ 'పొంగలేదు' అనే అంటారు. అసలు పొంగనిదీ, పొంగి పొంగి కూలిపోయినదీ ఓవెన్‌లోంచి తీసేసరికి ఒకే ఎత్తులో ఉండొచ్చు. ఈ రెండింటికీ మందు మాత్రం పూర్తిగా ఎదురు.

వాడుతున్న కొలతలు

రెండు టిన్నులకు మైదా 500 గ్రాములు, నీళ్లు 310, చక్కెర 25, వెన్న 30, ఉప్పు 4, ఇన్‌స్టంట్ ఈస్ట్ 12. నీళ్లు 'గోరువెచ్చగా' కాచి పోస్తున్నారు. ముద్దను బోర్లించిన గిన్నె కింద గంటన్నర, టిన్నులో వేశాక మరో గంట పెడుతున్నారు. కాలం లెక్కంతా ఒక విదేశీ వీడియో నుంచి వచ్చింది. ఆ వీడియోలో ఈస్ట్ 7 గ్రాములు, ఉప్పు 9 గ్రాములు. ఉప్పు ఈస్ట్‌ను చంపేస్తుందని ఎవరో చెప్పగా ఇక్కడ సగానికి కోశారు.

బ్రెడ్డు చెప్పిన సాక్ష్యం

ఈస్ట్ ప్యాకెట్ కంటే ముందు చూడాల్సింది పాడైన బ్రెడ్డును. మేం చూడబోయిన రోజు పక్కన పెట్టిన రెండింటినీ కోసి చూస్తే: ఎత్తు 6.5 సెంటీమీటర్లు, టిన్ను ఎత్తు 9. పైభాగం చదునుగా, మధ్యలో కాస్త గుంటపడి, ముడతలతో ఉంది. పెచ్చు పాలిపోయింది. లోపల పైవైపు గాలి గదులు పెద్దవిగా, గోడలు పలచగా ఉన్నాయి. కత్తి పెడితే పొడిపొడిగా రాలుతోంది. వాసనలో పులుపుతో పాటు లేతగా కల్లు వాసన.

తక్కువ పొంగిన బ్రెడ్డు ఇలా ఉండదు. అది అడుగున ముద్దగా, బరువుగా ఉంటుంది. ఓవెన్‌లోకి వెళ్లాక ఒక్కసారిగా ఉబ్బి పక్కన ఎక్కడో చీలుతుంది. దాని పెచ్చుకు రంగు బాగానే వస్తుంది, ఎందుకంటే చక్కెర ఇంకా మిగిలే ఉంటుంది. పెచ్చు పాలిపోయిందంటే ఎర్రబడాల్సిన చక్కెరను ఈస్ట్ ముందే తినేసిందని అనుమానించాలి. ఇక్కడ పెచ్చు తెల్లగా ఉందని ఓటీజీని 220 డిగ్రీలకు పెంచారు. దాంతో బ్రెడ్డు ఎండిపోవడం అదనంగా చేరింది. ఒక తప్పును దిద్దబోయి ఇంకోటి తెచ్చుకోవడం ఇంటి బేకింగ్‌లో మామూలే.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం టిన్ను గోడ మీద దొరికింది. బ్రెడ్డు 6.5 సెంటీమీటర్ల దగ్గరే ఆగినా, టిన్ను పై అంచు దాకా పిండి పొర అంటుకుని ఎండిపోయి ఉంది. చెరువులో నీళ్లు తగ్గాక గట్టు మీద మిగిలే చార లాంటిది. అంటే పిండి అంచు దాకా వచ్చింది, తర్వాత దిగింది. పైన కప్పిన బట్టకు కూడా పిండి అంటింది. ఇక ఈస్ట్ చచ్చిందనే మాటకు తావు లేదు.

ఈస్ట్ పరీక్షలు రెండు

అయినా ఈస్ట్‌ను పరీక్షించకుండా వదలకూడదు, డిసెంబరు సంగతి తేలాలి కదా. అదృష్టవశాత్తూ పాత ప్యాకెట్ అడుగున 60 గ్రాముల దాకా మిగిలి ఉంది. ఆగస్టులో తెరిచిన అర కిలో ప్యాకెట్ అది. మూతికి బట్టల క్లిప్పు పెట్టి, పొయ్యి పైనున్న అలమరలో డబ్బాలో వేసి ఉంచారు. కింద రోజూ పోపులు, వేపుళ్లు. ఎండు ఈస్ట్‌కు గాలి, తేమ, వేడి మూడూ పడవు. ఆ అలమర ఆ మూడింటినీ కలిపి అందించింది.

అందరికీ తెలిసిన పరీక్ష నురగ పరీక్ష. 38–40 డిగ్రీల నీళ్లు 100 మిల్లీలీటర్లు, ఒక టీస్పూన్ చక్కెర, ఒక టీస్పూన్ ఈస్ట్ (సుమారు 3 గ్రాములు) కలిపి పది నిమిషాలు ఆగాలి. పాతదీ కొత్తదీ రెండూ నురగ కట్టాయి, పాతది కాస్త నెమ్మదిగా. ఈ పరీక్ష బతికుందా చచ్చిందా అన్నది మాత్రమే చెబుతుంది, బలం ఎంతో చెప్పదు. నలభై మందిలో పదిహేను మంది వచ్చినా కూలి పని మొదలైనట్టే కనబడుతుంది, సాయంత్రానికి గానీ తేడా తెలియదు.

బలం తేల్చడానికి గ్లాసు పరీక్ష చేయాలి. మైదా 50 గ్రాములు, 30 డిగ్రీల నీళ్లు 30 గ్రాములు, చక్కెర 2 గ్రాములు, ఈస్ట్ సరిగ్గా అర గ్రాము. మూడు నిమిషాలు పిసికి, గోడలు నిటారుగా ఉండే గాజు గ్లాసులో అదిమి, పిండి మట్టం దగ్గర రబ్బరు బ్యాండు వేయాలి. పాత ఈస్ట్‌తో ఒకటి, కొత్త ఈస్ట్‌తో ఒకటి చేసి, రెండింటినీ ఒకే థర్మోకోల్ పెట్టెలో మూతపెట్టి ఉంచాలి. అర గ్రాము కొలవడానికి వంటింటి తూకం చాలదు, పదో వంతు గ్రాము చూపించే చిన్న పాకెట్ తూకం కావాలి. కొత్తది 70 నిమిషాలకు రెట్టింపయింది. అదే సమయానికి పాతది మూడో వంతే లేచింది. రెట్టింపు కావడానికి రెండు గంటలు దాటింది.

డిసెంబరు ముడి ఇక్కడ వీడింది. పాత ప్యాకెట్ బలం సగానికి పడిపోయింది, పైగా చలికాలం. 7 గ్రాములు చాలలేదు. 12 వేస్తే సరిపోయింది. ఆ 12 గ్రాములు నిజానికి 6 గ్రాముల పనే చేశాయి. తర్వాత పాతదాన్ని పక్కన పెట్టి కొత్త ప్యాకెట్ తెరిచారు. గోడ మీద రాసుకున్న 12 మాత్రం అలాగే ఉండిపోయింది. మార్చిలో ఎలాగో గడిచింది, ఏప్రిల్‌లో ఎండ ముదిరింది.

ముద్ద వేడి లెక్క

పిండి కలిపాక ముద్ద ఎంత వేడిగా ఉంటుందో ముందే లెక్కగట్టొచ్చు. గది వేడి, పిండి వేడి, నీటి వేడి, పిసకడంలో పుట్టే వేడి నాలుగూ కూడి మూడుతో భాగిస్తే ముద్ద వేడి దాదాపుగా వస్తుంది. చేత్తో పిసికితే పుట్టే వేడికి 3 వేసుకుంటే చాలు. స్టాండ్ మిక్సర్ అయితే 10 దాటుతుంది, ఎవరి మిక్సర్‌కు వాళ్లు కొలుచుకోవాలి.

వీడియో తీసిన చలి దేశపు వంటింట్లో గది 21, పిండి 20, నీళ్లు 40 అనుకుందాం. 21, 20, 40, 3 కలిపితే 84. ముద్ద 28 డిగ్రీలు. మే నెలలో తిరుపతి వంటింట్లో గది 35, పిండి 34, కాచిన నీళ్లు 42. 3 కలిపితే 114. ముద్ద 38 డిగ్రీలు. థర్మామీటరు గుచ్చి చూస్తే 37.5 చూపింది. అదే వంటకం, అదే చేతి పని, పది డిగ్రీల తేడా.

పది డిగ్రీలు పెరిగితే ఈస్ట్ వేగం దాదాపు రెట్టింపవుతుంది. ఈస్ట్ కూడా 7కి బదులు 12 వేస్తున్నారు, అంటే 1.7 రెట్లు. రెండూ కలిస్తే మూడున్నర రెట్ల దాకా. వీడియోలోని 90 నిమిషాల పని ఇక్కడ 25, 30 నిమిషాల్లో అయిపోతోంది. మిగిలిన గంట ఆ ముద్ద పులుస్తూ, గాలి వదులుతూ, బలహీనపడుతూ కూర్చుంటోంది. చలి దేశంలో ముద్ద కాసేపటికి గది వేడికి చల్లారి నెమ్మదిస్తుంది కూడా. మన వంటింట్లో చల్లారే అవకాశం ఎక్కడిది?

ఈస్ట్ గాలిని అతి వేగంగా పుట్టించేది 35–38 డిగ్రీల మధ్య. 'అయితే అదే మంచిది కదా' అని చాలామంది అడుగుతారు. రుచి, బలం సమంగా వచ్చేది 24–27 మధ్య. వేడి ముద్దలో ఈస్ట్‌తో పాటు పిండిలోని బాక్టీరియా కూడా జోరందుకుంటుంది, పులుపు వాసన దానిదే. 55–60 డిగ్రీల దగ్గర ఈస్ట్ చస్తుంది. ఓవెన్‌లో మొదటి కొన్ని నిమిషాల్లో ముద్ద ఆ వేడికి చేరేలోపు ఈస్ట్ చివరిసారి ఊపందుకుంటుంది, ఉన్న గాలి వ్యాకోచిస్తుంది, బ్రెడ్డు ఒక్క ఉదుటున లేస్తుంది. ముద్ద అప్పటికే సాగినంత సాగి ఉంటే ఆ ఉదుటుకు గోడలు పగిలి కూలిపోతుంది.

ఇంకో సంగతి. ఈస్ట్ కొత్త బుడగలను పుట్టించలేదు. పిసికేటప్పుడు పిండిలో చిక్కిన సన్నటి గాలి బుడగల్లోకే అది వదిలిన కార్బన్ డయాక్సైడ్ చేరి వాటిని ఉబ్బిస్తుంది. అందుకే సరిగ్గా పిసకని ముద్దకు ఎంత ఈస్ట్ వేసినా గదులు సన్నగా రావు.

అసలు ఈ వేడి నీళ్ల ఆచారం ఎక్కడిది? యాక్టివ్ డ్రై ఈస్ట్‌ది. ఆ గింజల చుట్టూ చచ్చిన కణాల పొర ఉంటుంది. అది కరిగి లోపలివి లేవాలంటే 38–43 డిగ్రీల నీళ్లలో ఐదు పది నిమిషాలు నానాలి. ఇన్‌స్టంట్ ఈస్ట్ సన్నటి రవ్వలా ఉంటుంది, పొడి పిండిలో నేరుగా కలిపేయొచ్చు. మన కొట్లలో రెండింటినీ 'డ్రై ఈస్ట్' అనే అమ్ముతారు కాబట్టి ప్యాకెట్ మీద పేరు చదవాలి. ఒకదాని బదులు ఇంకోటి వాడితే లెక్క ఇది: పచ్చి ఈస్ట్ (ఎండబెట్టకుండా తడిగా అమ్మేది) 10 గ్రాములు, యాక్టివ్ డ్రై 4 గ్రాములు, ఇన్‌స్టంట్ 3.3 గ్రాములు, మూడింటి పనీ సమానం.

చెప్పుకోవాల్సిన విచిత్రం ఇంకోటుంది. ఇదే వంటింట్లో ఇడ్లీ పిండి విషయంలో ఏ పొరపాటూ జరగదు. ఎండాకాలం నాలుగైదు గంటలకే పొంగుతుందని ఆలస్యంగా రుబ్బుతారు, ఉప్పు చివర్లో వేస్తారు, పులిసేలోపు ఫ్రిజ్‌లో పెడతారు. చలికాలం అయితే రాత్రంతా బయట ఉంచుతారు. గడియారం ఎవరూ చూడరు. ఇడ్లీ పిండిని పొంగించేది ముఖ్యంగా మినపప్పు వెంట వచ్చే బాక్టీరియా, బ్రెడ్డుకు ఈస్ట్. సూక్ష్మజీవి వేరైనా వేడికి కట్టుబడడంలో రెండూ ఒకటే. బ్రెడ్డు కొత్త వంటకం అయ్యేసరికి చేతికున్న తెలివిని పక్కన పెట్టి కాగితం మాట విన్నారు.

ఉప్పు సంగతి

పొడి మైదాలో ఉప్పు, ఈస్ట్ పక్కపక్కనే ఉన్నంత మాత్రాన ఏమీ కాదు. ఉప్పు నీళ్లలోనే ఈస్ట్‌ను నానబెడితే నష్టం. పిండి బరువులో 1.8 నుంచి 2 శాతం ఉప్పు ఈస్ట్‌ను అదుపులో పెడుతుంది, గ్లూటెన్‌ను (ముద్దకు సాగే బలాన్నిచ్చే పిండి ప్రోటీన్‌ను) బిగిస్తుంది. 500కు 4 గ్రాములంటే 0.8 శాతం. ముద్ద జిగురుగా ఉంటోందని వచ్చిన చిన్న ఫిర్యాదుకు సగం కారణం ఇదే. ఇంకో సగం ఆర్వో నీళ్లు: వాటిలో ఖనిజాలు తక్కువ, ముద్ద మెత్తబడుతుంది. మున్సిపాలిటీ కుళాయి నీళ్లు వాడమన్నాం. వాటిలో ఉండే క్లోరిన్‌కు ప్యాకెట్ ఈస్ట్ భయపడదు.

చల్లటి నీళ్లు, ఐసు, కుండ

ముద్ద 26 డిగ్రీల దగ్గర ఉండాలని పెట్టుకున్నాం. 26ను మూడుతో గుణిస్తే 78. అందులోంచి గది 35, పిండి 34, పిసుకుడు 3 తీసేస్తే మిగిలేది 6. అంటే 6 డిగ్రీల నీళ్లు కావాలి. కుళాయి నీళ్లు 34 ఉన్నాయి. ఎంత ఐసు వేయాలో దీనికీ లెక్క ఉంది: మొత్తం నీళ్ల బరువును తగ్గించాల్సిన డిగ్రీలతో గుణించి, కుళాయి నీటి వేడికి 80 కలిపి దాంతో భాగించాలి. 310ని 28తో గుణించి 114తో భాగిస్తే 76. కాబట్టి ఐసు 76 గ్రాములు, నీళ్లు 234 గ్రాములు.

లెక్క బాగానే ఉంది, చిక్కు వేరే చోట ఉంది. ఇన్‌స్టంట్ ఈస్ట్ అంత చల్లటి నీళ్లను నేరుగా తాగితే కణాల గోడలు సరిగా కుదురుకోక లోపలి గ్లూటాథయోన్ అనే పదార్థం బయటికి కారుతుంది. అది గ్లూటెన్ బంధాలను వదులు చేస్తుంది, ముద్ద సాగిపోతుంది. ఐసు నీళ్లే వాడాల్సి వస్తే ముందు మైదా, నీళ్లు రెండు నిమిషాలు కలిపి, తడి అంతా పిండి పీల్చుకున్నాక ఈస్ట్ చల్లి పిసకాలి.

ఇంతకంటే సులువైనది పిండినే చల్లబరచడం. మైదాను గాలి చొరని డబ్బాలో రాత్రి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున తూచి గిన్నెలో పోసేసరికి 14 డిగ్రీల దగ్గర ఉంది. 78లోంచి 35, 14, 3 తీస్తే 26. 26 డిగ్రీల నీళ్లు ఆ ఇంట్లోనే ఉన్నాయి, గట్టు పక్కన స్టాండు మీద పలమనేరు మట్టికుండలో. థర్మామీటరు ముంచితే 26.5. ఐసు అవసరమే లేకపోయింది. గది అంత కాగుతున్నా కుండ చెమర్చి నీళ్లను ఆ వేడికి దించుతుంది, రోహిణి కార్తెలో గాలి పొడిగా ఉన్నంతకాలం.

థర్మామీటరు గుచ్చే రకం అయితే చాలు. ఈ కేసులో కొత్తగా కొన్నవి అదీ, పాకెట్ తూకమూ మాత్రమే.

మూడు విడతలు

అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. మొదటి విడతలో ఈస్ట్ ఒక్కటే 5 గ్రాములకు తగ్గించాం, కాచిన నీళ్లు అలాగే. ముద్ద 37.5, రెట్టింపు కావడానికి 35 నిమిషాలు. గడియారం చూడకుండా రెట్టింపు కాగానే తీసినందువల్ల కూలలేదు. కానీ ఈస్ట్ వాసన మిగిలింది, మర్నాటికి ఎండిపోయింది. వేగాన్ని పట్టుకోవచ్చు గానీ వేడి ముద్దలో రుచిని పట్టుకోలేం.

రెండో విడత: ఈస్ట్ 5, ఫ్రిజ్ పిండి, కుండ నీళ్లు. ముద్ద 27. మొదటి పొంగు 60 నిమిషాలు, టిన్నులో 40. బ్రెడ్డు బాగుంది. అయితే ఒకరే మూడు విడతలు నడిపే ఇంట్లో ఆ 40 నిమిషాలు ఇరుకు. ముందు విడత ఓటీజీలో ఉండగానే తర్వాతిది సిద్ధమైపోతోంది.

మూడో విడత: ఈస్ట్ 4 గ్రాములు (0.8 శాతం), ఉప్పు 9. ముద్ద 26.5. మొదటి పొంగు 75 నిమిషాలు, టిన్నులో 50. నడినెత్తిన 11 సెంటీమీటర్లు లేచింది, గదులు సన్నగా, పెచ్చు ఓటీజీ 190 డిగ్రీలకే గోధుమరంగు తిరిగింది. ఇదే ఖాయం చేశాం. టిన్నుకు 440 గ్రాముల ముద్ద, 30–32 నిమిషాల కాల్పు, మధ్యలో గుచ్చితే 94 డిగ్రీలు, దించాక 390 గ్రాముల పైచిలుకు బ్రెడ్డు.

పొంగు ఎప్పుడు చాలని ఎలా తెలుస్తుంది

మొదటి పొంగుకు గుండ్రటి గిన్నె మోసం చేస్తుంది, రెట్టింపు కంటికి తెలియదు. నిటారు గోడల స్టీలు డబ్బా గానీ పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా గానీ మేలు. చిన్న గ్లాసులో ముద్ద కొంచెం వేరుగా పెట్టి దాన్ని చూసి లెక్కేసే పద్ధతి ఉంది. వేసవిలో ఆ చిన్న ముద్ద పెద్దదానికంటే ముందే వేడెక్కి తొందరపడుతుంది కాబట్టి ఇక్కడ నమ్మొద్దన్నాం. పైన తడిబట్ట కప్పితే పైపొర ఎండి గట్టిపడదు, ముద్ద ఒకటి రెండు డిగ్రీలు చల్లగానూ ఉంటుంది.

టిన్నులో పెట్టాక వేలికి పిండి అద్ది సెంటీమీటరు లోతు నొక్కాలి. గుంట వెంటనే పూడితే ఇంకా ఆగాలి. నెమ్మదిగా సగం పూడితే కాల్చాలి. అసలు పూడకుండా నిట్టూర్చినట్టు దిగితే ఆలస్యమైంది. ఈ టిన్నుల్లో ముద్ద అంచుకు సెంటీమీటరు కింద ఉన్నప్పుడే లోపల పెట్టాలి. దానికి ఓటీజీ అప్పటికే కాగి ఉండాలి. అది కాగడానికి 20 నిమిషాలు కావాలంటే, మేలో ముద్ద మూడింట రెండొంతులు ఎక్కగానే స్విచ్ వేయాలి. పాడైన నాలుగు బ్రెడ్లలో ఒకటి, ముద్ద సిద్ధమయ్యాక ఓటీజీ వెలిగించడం వల్ల పోయిందే.

సరిగ్గా అప్పుడే కరెంటు పోతే? టిన్నులోంచి తీసి, గాలి నొక్కేసి, మళ్లీ చుట్టి పెట్టాలి. చక్కెర 5 శాతం ఉంది కాబట్టి ఈస్ట్‌కు ఇంకో పొంగుకు సరిపడా తిండి ఉంటుంది. రెండోసారి ఇంకా త్వరగా పొంగుతుంది. మూడోసారి మాత్రం ఆశ పెట్టుకోవద్దు, చపాతీ పెనం మీద కుల్చాలు వేసుకోవడమే.

రాత్రి ఫ్రిజ్‌లో పెట్టే విడత

పొద్దున ఏడింటికి బ్రెడ్డు అడిగేవాళ్ల కోసం రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టాలనుకున్నారు. ముందు ఒకసారి ప్రయత్నించి విరమించారు: గిన్నెడు ముద్ద అలాగే పెడితే పొద్దునకు మూత ఎగదన్ని ఉంది. 900 గ్రాముల ముద్ద నడుమ చల్లారడానికి గంటలు పడుతుంది, అంతసేపూ లోపల పని సాగుతూనే ఉంటుంది. పైగా వేసవిలో పదేపదే తలుపు తీసే ఇంటి ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉండదు. దీంట్లో కొలిస్తే 9.

ఈస్ట్ 3 గ్రాములకు తగ్గించి, ముద్దను రెండుగా కోసి, నూనె రాసిన రెండు పళ్లాల్లో రెండు వేళ్ల మందాన పరిచి, మూతపెట్టి, బయట అరగంట ఉంచి అడుగు అరలో పెట్టించాం. పొద్దున నాలుగున్నరకు చల్లగా ఉండగానే చుట్టి టిన్నులో వేస్తే 80–90 నిమిషాలకు ఎక్కింది. రుచి పగటి విడతకంటే బాగుంది.

తీపి బన్నుల కొలత వేరు. చక్కెర 20 శాతం అయితే అది ఈస్ట్ కణంలోంచి నీళ్లు లాగేస్తుంది, పొంగు బాగా నెమ్మదిస్తుంది. అక్కడ మాత్రం ఈస్ట్ 1.5 శాతానికి పెంచవచ్చు, లేదా తీపి పిండి కోసం ప్రత్యేకంగా అమ్మే ఇన్‌స్టంట్ ఈస్ట్ వాడొచ్చు.

నిల్వ, ఏడాది పొడవునా

అర కిలో ప్యాకెట్ కొనేటప్పుడు ఇటుకలా బిగిసి ఉండాలి. నొక్కితే మెత్తగా కదిలితే గాలి చొరబడినట్టే, తీసుకోకూడదు. తెరిచిన రోజే 50 గ్రాముల చొప్పున చిన్న చిన్న గాజు సీసాల్లోకి నింపి, ఒకటి ఫ్రిజ్‌లో, మిగతావి ఫ్రీజర్‌లో పెట్టాలి. ఈ ఇంట్లో వారానికి ఒక సీసా సరిపోతుంది. ఫ్రీజర్ సీసా గది వేడికి వచ్చాకే మూత తీయాలి, లేకపోతే చెమ్మ లోపలికి దిగుతుంది. తడి స్పూన్ ముంచడం గురించి చెప్పనక్కర్లేదు, ఊరగాయ జాడీ మర్యాదే దీనికీ.

జనవరి పొద్దున గది 22, పిండి 21 ఉంటే కావాల్సిన నీళ్లు 32 డిగ్రీలు. అంటే చలికాలంలో కూడా 42 అక్కర్లేదు, వేలికి వెచ్చదనం తెలియనంత చాలు. నవంబరు వానల్లో గాలి తడిగా ఉండి కుండ చెమర్చదు, దాని మీద ఆధారపడలేం. అప్పుడు వంటిల్లు ఎలాగూ 27 దాటదు, మైదాను ఫ్రిజ్‌లో పెట్టే పనీ లేదు. నీళ్లు 22 ఉంటే సరి, రెండు మూడు ఐసు ముక్కలతో కుదిరిపోతుంది.

గోడ మీద 12 ఉన్న చోట ఇప్పుడు ఒక కాగితం ఉంది. గది, పిండి, నీళ్లు, ముద్ద, నాలుగింటి వేడికీ నాలుగు గడులు. పక్కన ఈస్ట్ గ్రాములు, రెట్టింపైన నిమిషాలు, ప్యాకెట్ తెరిచిన తేదీ. 4 గ్రాముల అంకె ఆ ప్యాకెట్‌కే చెల్లుతుంది కాబట్టి ప్యాకెట్ మారిన రోజు గ్లాసు పరీక్ష తప్పనిసరి. జులై చివర కొత్తది తెరిచినప్పుడు గ్లాసులో 62 నిమిషాలకే రెట్టింపయింది. ఆ వారం 3.5 గ్రాములతో మొదలుపెట్టారు.